అమ్మ పుట్టిన తేదీ వెతికిపెట్టిన హెచ్చెమ్ మేడమ్ గారికి

అందరికీ నమస్కారమండీ. నిన్న మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ వచ్చి అమ్మ చేత సంతకం పెట్టించుకుని స్పీడ్ పోస్ట్ కవరు ఇచ్చి వెళ్లాడు. అమ్మ పాస్‌పోర్టు వచ్చేసింది! అరవై నాలుగేళ్ల మనిషి, పుట్టిన ఊరూ మెట్టిన ఊరూ రెండూ కోనసీమలోనే, గోదావరి దాటి దూరం వెళ్లిందంటే రెండుసార్లు తిరుపతి, అంతే. ఇప్పుడు మస్కట్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్తుంది. మనవడికి మూడేళ్లు వచ్చాయి, వీడియో కాల్‌లో చూడటమే తప్ప ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఈ పుస్తకం చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది, మధ్యలో ఎంతోమంది సాయం చేశారు, ఫోన్‌లో ఒక థాంక్స్ చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

మా ఇబ్బంది ఏమిటంటే అమ్మ ఆధార్ మీద పుట్టిన సంవత్సరం 1961 అని ఉంది, అంతే, తేదీ లేదు, నెల లేదు. ఆధార్ కొత్తగా తీసిన రోజుల్లో చాలామంది పెద్దవాళ్లకి అలాగే వేశారు. ఓటరు కార్డు మీద వయసు మాత్రమే ఉంది. ఎల్ఐసీ పాలసీ లేదు, పాన్ లేదు, పోనీ పాన్ తీయిద్దామంటే దానికీ పుట్టిన తేదీ రుజువు కావాలన్నారు. రెండో తరగతి దాకా చదివింది కానీ అప్పుడు బళ్లో ఇచ్చిన రికార్డు షీటు 1996 నవంబరు తుపానులో ట్రంకుపెట్టెతో సహా పోయింది. పెంకులు లేచిపోయి ఇల్లంతా నీళ్లు, మా తాతయ్య ఫొటో కూడా ఆ పెట్టెలోనే ఉండేది. అమ్మనడిగితే ఒకటే మాట, "అట్లతద్ది మర్నాడు పుట్టానంట, పుష్కరాలప్పుడు నాకు ఆరో ఏడంట". ఇంట్లో మాకు ఆ లెక్క సరిపోయేది, పాస్‌పోర్టు కౌంటర్లో మాత్రం తేదీ, నెల, సంవత్సరం మూడూ చూపించాలి కదా. మొదటిసారి అపాయింట్‌మెంట్ పెట్టుకుని వెళ్తే ఆధార్ చూసి వెనక్కి పంపేశారు. బస్సులో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ వారంలోనే ఒకాయన ఎనిమిది వేలు ఇస్తే ఏదో ఒక స్కూలు టీసీ తెప్పిస్తానన్నాడు. నిజం చెప్పాలంటే నేను ఊగాను. అమ్మే ఒప్పుకోలేదు, "దొంగ కాయితం పట్టుకుని ఆ పసోడి దగ్గరికి ఎలా వెళ్తానే" అంది. ఆ మాటతోనే అమ్మని తీసుకుని వాళ్ల పుట్టింటి ఊరి ఎలిమెంటరీ స్కూలుకి వెళ్లాను.

అక్కడి హెచ్చెమ్ మేడమ్ గారికి మేమెవరమో తెలియదు. పాత రిజిస్టర్లు చాలా ఉన్నాయమ్మా, సాయంత్రం బడి వదిలాక రండి అన్నారు. మూడు సాయంత్రాలు మాతో కూర్చున్నారండీ. బీరువా అడుగు అరలోంచి గుడ్డలో కట్టిన అడ్మిషన్ రిజిస్టర్లు తీసి, తడిసి అంటుకుపోయిన పేజీల్ని స్కేలు అంచుతో చిరగకుండా ఒక్కొక్కటే విడదీసి చూశారు. మొదటి రెండు రోజులూ దొరకలేదు. మూడో రోజు ఆవిడే అడిగారు, "మీరు చెప్తున్న ఇంటిపేరు అత్తవారిది కదా, పుట్టింటి ఇంటిపేరేంటి?" అని. నేను ఆ రెండు రోజులూ నాన్న ఇంటిపేరుతో వెతికిస్తున్నాను! తర్వాత పుష్కరాల మాట వినగానే, "గోదావరి పుష్కరాలంటే 1967 అయ్యుంటుంది, ఆ ఏడు చేరినవాళ్లని చూద్దాం" అన్నారు. పావుగంటలో దొరికింది. 1967 జూలైలో ఒకటో తరగతిలో చేరినట్టు, పుట్టిన తేదీ 1-7-1961 అని ఉంది. తేదీ చెప్పలేని పిల్లలకి అప్పటి మేష్టార్లు జూలై ఒకటి వేసి చేర్చుకునేవారట. తండ్రి పేరు, వృత్తి కొబ్బరి దింపు, ఆ వరుస చివర సంతకం గడిలో మా తాతయ్య వేలిముద్ర. సిరా గోధుమరంగుకి తిరిగింది గానీ గీతలన్నీ కనిపిస్తున్నాయి. ఫొటో పోయాక అమ్మకి వాళ్ల నాన్నవంటూ మిగిలినవేమీ లేవు. ఆ ముద్ర మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. మేడమ్ గారు రిజిస్టరు వెనక్కి తీసుకోలేదు, తొందర పెట్టలేదు, వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టారు.

ఆవిడ ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్ ఆధారంతో మిగతా పని కదిలింది. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం ఏడాది దాటినా జననం నమోదు చేయించుకోవచ్చు, దానికి పైఅధికారి ఆర్డరు కావాలి, మా దగ్గర ఆర్డీవో గారు ఇస్తారు, ఈ సంగతంతా పంచాయతీ సెక్రటరీ గారు ఓపిగ్గా చెప్పారు. ముందు రికార్డులన్నీ చూసి అమ్మ జననం నమోదు కాలేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ ఇచ్చారు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ బాబు అప్లికేషన్ పెట్టి, ప్రతి వారం నేను అడగకుండానే ఎక్కడి దాకా వచ్చిందో మెసేజ్ చేసేవాడు. విచారణకి వచ్చిన వీఆర్వో గారి ముందు, అమ్మ పురిటికి మా అమ్మమ్మ పక్కన ఉన్న ఎనభై ఏళ్లు దాటిన పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. పెద్దమ్మా, నీకు నా దండాలు. ఆర్డీవో గారి ప్రొసీడింగ్స్ వచ్చాక పంచాయతీలో నమోదు చేసి అమ్మకి బర్త్ సర్టిఫికెట్ ఇచ్చారు.

రెండోసారి పాస్‌పోర్టు కేంద్రంలో అంతా గంటలోపే అయిపోయింది. ఫీజు కూడా 1,500 కాదు, అరవై దాటినవాళ్లకి పది శాతం తగ్గింపుతో 1,350. పది పాసవలేదు కాబట్టి ఈసీఆర్ (గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకి పనికి వెళ్లేముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనే ముద్ర) పడుతుందేమోనని తమ్ముడు ఒకటే టెన్షన్ పడ్డాడు, యాభై దాటినవాళ్లకి అది ఉండదని కౌంటర్లో మేడమ్ చెప్పారు. ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ గారు అరుగు మీద కూర్చుని రెండు ప్రశ్నలడిగి వెళ్లిపోయారు.

ఇది చదివేవాళ్లలో మాలాంటి వాళ్లుంటే ఒక్క మాట. బర్త్ సర్టిఫికెట్ లేకపోతే పాస్‌పోర్టే రాదని మమ్మల్ని చాలామంది భయపెట్టారు, అది నిజం కాదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకే అది తప్పనిసరి. అంతకు ముందు పుట్టినవాళ్లకి స్కూలు టీసీ, పదో తరగతి సర్టిఫికెట్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పుట్టిన తేదీ పూర్తిగా ఉన్న ఓటరు కార్డు, ఎల్ఐసీ బాండు, గవర్నమెంటు ఉద్యోగులకి సర్వీసు రికార్డు, రిటైరైతే పెన్షన్ ఆర్డరు, వీటిలో ఏదో ఒకటి చాలు. మాకు అవేవీ లేవు కాబట్టి ఇంత దూరం తిరిగాం. అమ్మమ్మలకో నాయనమ్మలకో వెతుకుతుంటే బళ్లో పుట్టింటి ఇంటిపేరు చెప్పండి, మాలాగా రెండు రోజులు పోగొట్టుకోకండి.

మేడమ్ గారూ, నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాను, మీ నంబరు కలవడం లేదు. అమ్మ పూతరేకులు తెప్పించింది. పాస్‌పోర్టు మీకు చూపించాకే సూట్‌కేసులో పెడతానంటోంది. సోమవారం బడి వదిలే వేళకి వస్తాం, ఓ పది నిమిషాలు ఉండండి. ఇంకొక్కసారి ఆ రిజిస్టరు చూడనిస్తారేమో అడగమంది.