ఫార్మాట్ ఎందుకు కొట్టడం లేదంటే

మా షాపులో రిపేర్‌కిచ్చిన సిస్టమ్ (కంప్యూటర్) మీలో చాలామందికి చెప్పిన రోజున అందడం లేదు. ముఖ్యంగా విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి మా దగ్గరికి వచ్చినవి. ఫోన్ చేసినవాళ్లకు "రేపు చూద్దామండీ" అని చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. ఏళ్ల తరబడి మా దగ్గరికే వస్తున్నవాళ్లకు అసలు సంగతి చెప్పాలి కదా, అందుకే ఇది.

అప్‌డేట్ ఫెయిలై వచ్చిన సిస్టమ్‌కి రాగానే ఫార్మాట్ కొట్టడం మానేశాం. మీరే కావాలంటే తప్ప, అన్నీ చేసి చూశాక, ఇక వేరే దారి లేదని తేలాకే కొడతాం. అదీ మీకు చెప్పి, మీరు సరేనన్నాకే. ఆలస్యం ఇందువల్లే.

ఈ నిర్ణయానికి రావడానికి చాలా రోజులు కొట్టుమిట్టాడాను. ఫార్మాట్ అంటే షాపువాడికి పండగే. పెన్‌డ్రైవ్ పెట్టాలి, సి డ్రైవ్ తుడిచేయాలి, కొత్త విండోస్ ఎక్కించాలి, అంతే. అది ఎక్కుతుండగా ఇంకో రెండు పనులు చూసుకోవచ్చు. ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలుసుకోవాల్సిన పనే లేదు. సిస్టమ్ కొత్తదానిలా పరిగెడుతుంది కాబట్టి మంచి పేరు కూడా వస్తుంది. మా కుర్రాళ్లు మొహం మీదే అంటారు, "అన్నా, నువ్వు లాగ్ ఫైలు చదువుతూ కూర్చునే టైమ్‌లో నాలుగు సిస్టమ్‌లు లేపేయొచ్చు" అని. (లాగ్ అంటే, లోపల ఏం జరిగిందో విండోస్ రాసిపెట్టుకునే ఫైలు.) లెక్క ప్రకారం వాళ్లదే రైటు. అద్దె కట్టే రోజున నాకూ అలాగే అనిపిస్తుంది.

కానీ ఫార్మాట్ తర్వాత మీ ఆఫీసులో ఏం జరుగుతుందో షాపువాడు చూడడు. "డి డ్రైవ్ ముట్టుకోలేదండీ, మీ డేటా భద్రం" అంటాడు. మామూలుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ ఉండేది సి డ్రైవ్‌లోనే. సరే, అవి కాపీ చేసే ఇచ్చాడనుకుందాం. లెక్కల సాఫ్ట్‌వేర్ తన డేటాని ఎక్కడో సొంత ఫోల్డర్‌లో దాచుకుని ఉంటుంది. మెయిళ్ల ఫైలు ఇంకోచోట, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు మరోచోట. కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సును తుడిచేముందే డీయాక్టివేట్ చేయాలి, లేకపోతే ఆ కంపెనీని బతిమాలుకోవాల్సిందే. ఎప్పుడో ఎవరో వేసిచ్చిన ఫాంట్లు, పాత స్కానర్‌ని నడిపించడానికి కష్టపడి సంపాదించిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పోయాయని తెలిసేసరికి వారం గడుస్తుంది.

ఒక ఎర్రర్ గురించి చెప్తాను, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి. నా మనసు మారింది దానివల్లే. 2024 జనవరి 9న విండోస్ 10కి కెబి5034441 అనే సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. చాలా సిస్టమ్‌లలో అది ఎక్కనే ఎక్కలేదు. 80070643 అనే కోడ్ చూపించి ఫెయిలయ్యేది, మళ్లీ కొడితే మళ్లీ అదే. కోడ్ చూస్తే విండోస్ మొత్తం పాడైపోయిందేమో అన్నంత టెన్షన్. అసలు సంగతి చాలా చిన్నది. సిస్టమ్ బూట్ కానప్పుడు నీలం రంగు రిపేర్ స్క్రీన్ వస్తుంది కదా, అది సాధారణంగా డిస్క్‌లో విడిగా కేటాయించిన ఒక చిన్న భాగంలో, అంటే రికవరీ పార్టిషన్‌లో ఉంటుంది. ఆ స్క్రీన్ గుండా, డిస్క్‌లోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ రక్షణను దాటేయగల లోపం ఒకటి బయటపడింది, దాన్ని పూడ్చడానికి వచ్చిందే ఈ అప్‌డేట్. అందుకు ఆ పార్టిషన్‌లో 250 ఎంబి ఖాళీ కావాలి. చాలామందికి అంత చోటు లేదు. సి డ్రైవ్‌లో వందల జీబీలు ఖాళీగా పడున్నా లాభం లేదు, చోటు కావాల్సింది అక్కడ కాదు. "చోటు చాలలేదు" అని చెప్పాల్సిన విండోస్ ఈ అర్థంకాని నంబర్ చూపించింది. దీనికి ఆటోమేటిక్ పరిష్కారం రాదని, చేత్తోనే సరిచేసుకోవాలని మైక్రోసాఫ్ట్ తర్వాత తేల్చి చెప్పేసింది కూడా. సి పార్టిషన్‌ను కాస్త తగ్గించి, రికవరీ పార్టిషన్ తీసేసి పెద్దదిగా మళ్లీ చేస్తే సరిపోతుంది. చేయి తిరిగినవాడికి పెద్ద పనేం కాదు.

ఈ కోడ్ వచ్చిందని వేరేచోట ఫార్మాట్ కొట్టించుకుని, అదే కోడ్‌తో మా దగ్గరికి వచ్చారు ఒకాయన. సి డ్రైవ్ ఒక్కటే తుడిస్తే రికవరీ పార్టిషన్ సైజు ఎందుకు మారుతుంది? ఆయన బిల్లుల డేటా పోయింది, ఎర్రర్ మాత్రం పోలేదు. ఆ సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడే అనుకున్నాను, ఎర్రర్ ఏమిటో తెలియకుండా ఇక మా షాపులో ఎవరి డిస్కూ తుడవకూడదని.

ఇప్పుడు మేం చేస్తున్నది ఇదీ. ముందు డిస్క్ ఆరోగ్యం చూస్తాం. అదే పోయేలా ఉంటే మిగతావన్నీ ఆపి, డేటా బయటికి లాగుతాం. అలాంటి డిస్క్ మీద రిపేర్ కమాండ్లు నడిపితే ఉన్నది కూడా పోవచ్చు. డిస్క్ బాగుంటే దాన్నంతా ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసి పక్కన పెడతాం. పాత హార్డ్ డిస్క్ అయితే దీనికే గంటలు పడుతుంది, మీకు "రేపు" అని చెప్పేది ఎక్కువగా ఈ దశలోనే. తర్వాత లాగ్‌లు చదువుతాం. కోడ్ సి1900101తో మొదలైతే అనుమానం ముందు డ్రైవర్ల మీదికే పోతుంది. 80073712 అయితే విండోస్ తన సొంత ఫైళ్లను దాచుకునే స్టోర్ పాడైందని. అప్పుడు ఆ స్టోర్‌ని బాగుచేసే డిఐఎస్ఎం కమాండ్, ఆ తర్వాత చెడిన విండోస్ ఫైళ్లను మార్చే ఎస్ఎఫ్‌సి కమాండ్. చాలామంది వరస తిప్పి కొట్టి "రిపేర్ అవ్వట్లేదు" అంటారు. ఎస్ఎఫ్‌సి మంచి ఫైళ్లు తెచ్చుకునేది ఆ స్టోర్‌లోంచే, అదే చెడితే ఇంకేం తెస్తుంది?

బూట్ కూడా కాకుండా "మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం" అని తిరుగుతూనే ఉండేవాటికి రికవరీ స్క్రీన్‌లోంచి ఆ అప్‌డేట్ తీసేసి చూస్తాం. విండోస్ తెరుచుకుని, అప్‌డేట్ మాత్రం మొండికేస్తుంటే, లోపలినుంచే విండోస్ సెటప్ నడిపి ఉన్నదాని మీదే మళ్లీ ఎక్కిస్తాం. ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు ఉన్నచోటే ఉంటాయి. ఫార్మాట్‌కి వచ్చిన సిస్టమ్‌లలో చాలావాటికి ఇది చాలు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఇలాంటి బటన్ సెట్టింగ్స్‌లో, సిస్టమ్ కింద రికవరీలోనే, "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" అన్నచోట ఉంది. బ్యాకప్ తీసుకుని మీరే నొక్కి చూడండి, మా దాకా రానక్కర్లేకపోవచ్చు. వ్యాపారం పోగొట్టుకుంటున్నానని మా కుర్రాళ్లు దీనికీ సణుగుతారు.

వైరస్ పట్టి ఏది నమ్మాలో తెలియని సిస్టమ్‌కి, ఇవేవీ పనిచేయనిదానికి ఫార్మాట్ కొడతాం. అందులో మొహమాటం లేదు.

ఇక ఒక పాత కస్టమర్ అన్న మాట. "బయట గంటలో ఇచ్చేస్తున్నారు, మీరు బిల్లు పెంచడానికే రోజులు సాగదీస్తున్నారు." మనసు చివుక్కుమంది, దాచుకోను. ఇమేజ్ తీయడానికి, లాగ్ చదవడానికి మేం విడిగా ఏమీ తీసుకోవడం లేదు, తీసుకోం కూడా. గంటలో కావాలనుకునేవాళ్లు బయటే చేయించుకోండి. కాకపోతే ముందు మీ ఫైళ్లు మీరు కాపీ చేసుకోండి.

విండోస్ 10 సంగతి వేరే చెప్పాలి. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఉంటాయి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని పాత సిస్టమ్‌లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించమని అడుగుతున్నారు. ఎక్కుతుంది. అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్టే ఇవ్వడం లేదు. రేపు అప్‌డేట్ ఆగితే మీరు వచ్చేది మా దగ్గరికే కాబట్టి ఆ పని చేయం.

సిస్టమ్ తెచ్చేముందు మూడు పనులు చేస్తే మాకు టైమ్ కలిసొస్తుంది. ఎర్రర్ కోడ్ కనిపించే స్క్రీన్ ఫోటో తీసుకోండి. డిస్క్ లైటు వెలుగుతుంటే, శాతం ఎంతసేపటికీ కదలకపోయినా, పవర్ బటన్ నొక్కిపట్టకండి. బిట్‌లాకర్ రికవరీ కీ వెతికి పెట్టుకోండి. అది 48 అంకెలుంటుంది, సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దొరుకుతుంది. అది అడిగే స్క్రీన్ వచ్చాక కీ లేకపోతే ఆ డిస్క్ మేమే కాదు, ఎవరూ తెరవలేరు.

ఇప్పటికే మా దగ్గర సిస్టమ్ ఉన్నవాళ్లందరికీ ఎర్రర్ ఏమిటో, ఎందాక వచ్చిందో ఫోన్ చేసి చెప్తున్నాం. ఇంత చదివాక కూడా "ఫార్మాట్ కొట్టేయండి, పర్లేదు" అనేవాళ్లు ఆ ఫోన్‌లోనే చెప్పేయండి, కొడతాం. ఇమేజ్ మాత్రం తీశాకే. అందులో బేరం లేదు.