చాట్ యాప్ ప్రాజెక్టులు చాలు, ఐఆర్‌సీని బాగుచేద్దాం

సంపాదకులకు నమస్కారం.

వాట్సాప్ వదిలి, మన దేశపు జోహో కంపెనీ చాట్ యాప్ అరట్టైకి మారాలా వద్దా అని 2025 దసరా రోజుల్లో మొదలైన చర్చ ఇంకా పూర్తిగా చల్లారలేదు. మాట్లాడేవాళ్లంతా యాప్ మనదా పరాయిదా అన్నదే చూస్తున్నారు. జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు అప్పట్లో అన్న ఇంకో మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మెసేజింగ్ కూడా యూపీఐలా, ఈమెయిల్‌లా ఒకరి యాప్ నుంచి ఇంకొకరి యాప్‌కి వెళ్లగలగాలని ఆయన అన్నారు. నాకు ఆ మాటే ముఖ్యమనిపించింది. ఫోన్‌పే ఉన్నవాడు గూగుల్ పే ఉన్నవాడికి డబ్బులు పంపగలడు కానీ, వాట్సాప్ ఉన్నవాడు అరట్టై ఉన్నవాడిని ‘భోంచేశావా’ అని అడగలేడు.

ఒకే గదిలో పదిమంది పది రకాల సాఫ్ట్‌వేర్లతో కూర్చుని మాట్లాడుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ 1988 ఆగస్టులో తయారుచేసిన ఇంటర్నెట్ రిలే చాట్, అంటే ఐఆర్‌సీ, ఆ పద్ధతే. దాని నియమాలు 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే ఇంటర్నెట్ నియమ పత్రంగా అందరికీ తెలిసేలా అచ్చయ్యాయి. ఎవరైనా సర్వర్ పెట్టుకోవచ్చు, ఎవరైనా దానికి సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి, ఎంఐఆర్‌సీ అనే ఐఆర్‌సీ ప్రోగ్రామ్ తెరిచి, ముక్కూ మొహం తెలియనివాళ్లను ‘ఏఎస్ఎల్ ప్లీజ్’ (వయసు, ఆడా మగా, ఊరు చెప్పండి) అని పలకరించిన నా ఈడువాళ్లు అది ఎప్పుడో పోయిందనుకుంటారు. పోలేదు. ఉబుంటు, జెంటూ, వికీమీడియా లాంటి ప్రాజెక్టులకు ఇప్పటికీ అక్కడ గదులున్నాయి.

నేను కాకినాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రోగ్రామర్‌ని. సాయంత్రాలు సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి తెచ్చే ఓ చిన్న బృందంలో పనిచేస్తాను. అందరికీ సులువుగా ఉంటుందని మా బృందం ఒక ఉచిత చాట్ సేవకు మారింది. సులువుగానే ఉండేది, కాదనను. ఫోన్‌లో చక్కగా పనిచేసేది, ఫొటోలు వెళ్లేవి. కొన్నాళ్లకు ఉచిత ఖాతాలకు పాత మెసేజ్‌లు కనిపించవని ఆ సేవ ఒక నోటీసు పెట్టింది. ఏ మాటకు ఏ తెలుగు వాడాలని వాదించుకుని తేల్చుకున్నదంతా అందులోనే ఉండిపోయింది. చూడాలంటే మనిషికింత అని నెలనెలా కట్టాలి. జీతం లేని పని చేసేవాళ్లం, ఎక్కడినుంచి తెచ్చి కడతాం?

అదే ఐఆర్‌సీలో గొడవ వస్తే ఏమవుతుందో 2021 మేలో చూశాం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టులకు చాలా ఏళ్లు ఆశ్రయమిచ్చిన ఫ్రీనోడ్ నెట్‌వర్క్‌లో అధికారం ఎవరిదన్న తగాదా వచ్చింది. నడిపే వలంటీర్లు మూకుమ్మడిగా బయటికొచ్చి, మే 19న లిబెరా చాట్ పేరుతో కొత్త నెట్‌వర్క్ తెరిచారు. తమ గది పైన ‘లిబెరాకి రండి’ అని రాసుకున్న వందల చానళ్లను, అంటే ఆ గదులను, ఫ్రీనోడ్ యాజమాన్యం లాక్కుంది. అయినా ఏం చేయగలిగింది? కొన్ని వారాల్లోనే పెద్ద ప్రాజెక్టులు చాలావరకు వెళ్లిపోయాయి. వాడేవాళ్లు కొత్త యాప్ దించుకోలేదు, కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. సెట్టింగ్స్‌లో సర్వర్ పేరు మార్చి, తమ పేరు మళ్లీ నమోదు చేసుకున్నారు. వాట్సాప్‌లోనో డిస్కార్డ్‌లోనో యాజమాన్యంతో తగాదా వస్తే ఇలా సామాను సర్దుకుని వెళ్లడం కుదిరే పనేనా?

ఇంత చెప్పాక ఐఆర్‌సీ లోపాలు దాచను. ఫోన్ జేబులో పెట్టుకోగానే సిగ్నల్ పోతుంది, మనం గదిలోంచి బయటపడతాం, ఆ తర్వాత మాట్లాడుకున్నది మనకు రాదు. మళ్లీ లోపలికొచ్చి ‘ఇందాక ఏమన్నారు’ అని అడిగితే పాతకాపులు విసుక్కుంటారు. లాగిన్ కావాలంటే బాట్ అనే ఓ ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌కి కమాండ్లు టైప్ చేయాలి. కొత్త పిల్లలు దీన్ని చూసి పారిపోతే తప్పు పిల్లలది కాదు. ఐఆర్‌సీ సీనియర్లలో ఒక రకం అహంకారం ఉంది, ఈ కష్టం పడగలిగినవాడే రావాలని. 2019 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా తన ఐఆర్‌సీ సర్వర్‌ని మూసేస్తానని చెప్పినప్పుడు, కొత్తవాళ్లకు అది అడ్డంకి అవుతోందని, వేధింపులను అదుపు చేయలేకపోతున్నామని చెప్పింది. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే స్లాక్ అనే ఆఫీసు చాట్ సేవ సహా నాలుగింటిని పరీక్షించి, చివరికి నియమాలన్నీ బహిరంగంగా ఉండే మ్యాట్రిక్స్ అనే చాట్ పద్ధతిని ఎంచుకుంది. మారినా బహిరంగ పద్ధతి వదల్లేదు. స్లాక్ సంగతి చూస్తే, మొదట్లో ఐఆర్‌సీ నుంచి రావడానికి ఒక ద్వారం తెరిచి పెట్టింది, 2018 మేలో మూసేసింది.

మరి ఐఆర్‌సీనే బాగుచేయలేమా అంటే, ఐఆర్‌సీవీ3 పేరుతో కొందరు చాలా ఏళ్లుగా అదే పనిలో ఉన్నారు. సరైన లాగిన్ పద్ధతి, ప్రతి మెసేజ్‌కీ సర్వర్ వేసే సమయం, పోయినచోట నుంచి పాత సంభాషణ తెచ్చుకోవడం, మెసేజ్‌కి ఎమోజీతో స్పందించడం అన్నీ రాశారు. కనెక్ట్ అయినప్పుడు సాఫ్ట్‌వేర్ సర్వర్‌ని ‘నీకేమేం వచ్చు’ అని అడుగుతుంది. ఇద్దరికీ వచ్చినవే వాడుకుంటారు, అందువల్ల ఎప్పటిదో పాత ప్రోగ్రామ్ కూడా ఇంకా పనిచేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. పాతది ఆగిపోదు కాబట్టి కొత్తది తెమలదు. పాత సంభాషణ తెచ్చుకునే నియమం ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉండిపోయింది.

మా ల్యాబ్‌లో మూలపడేసిన ఒక డెస్క్‌టాప్ మీద ఎర్గో అనే సర్వర్ నడుపుతున్నాను. ఒక్కటే ప్రోగ్రామ్, పాత సంభాషణ తనే దాచుకుంటుంది, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే పేరుతో ఉండనిస్తుంది. తుపాను రోజుల్లో బయటి నెట్ పోయినా క్యాంపస్ లోపల చాట్ ఆగలేదు. ఇక్కడే తెలుగు గొడవ ఒకటుంది. ఐఆర్‌సీలో ఒక మెసేజ్‌కి అన్నీ కలిపి 512 బైట్లే హద్దు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో ఒక్కో సంకేతానికి (హల్లు, పొల్లు, గుణింతం గుర్తు దేనికది) 3 పడతాయి. ‘స్త్రీ’ అని రాస్తే ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఇంగ్లిషువాడికి ఒక పేరా పట్టేచోట మనకు రెండు మూడు వాక్యాలకే జాగా అయిపోతుంది. చూసుకోకుండా కోసే సాఫ్ట్‌వేర్ అయితే అక్షరం మధ్యలోనే కోసి, చివర ప్రశ్నార్థకాలు పెడుతుంది. పొడవైన మెసేజ్‌ని ముక్కలుగా పంపి అవతల ఒకటిగా చూపించే ‘మల్టీలైన్’ నియమం ఐఆర్‌సీవీ3లో ఉంది, అదీ ముసాయిదానే. ఈ బాధ పడేది మనలాంటివాళ్లం, కాబట్టి దీన్ని వెంటపడి పూర్తిచేయించాల్సిందీ మనమే.

బహిరంగ పద్ధతి అయినంత మాత్రాన పెద్ద కంపెనీ మోసం చేయదని నేననను. 2005లో వచ్చిన గూగుల్ టాక్ అనే చాట్ సేవ ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ పద్ధతి మీదే నడిచింది, వేరే సర్వర్లవాళ్లతోనూ మాట్లాడనిచ్చింది. 2013లో దాని బదులు హ్యాంగవుట్స్ తెచ్చినప్పుడు గూగుల్ ఆ తలుపు వేసేసింది. మా అమ్మను వాట్సాప్ మానేసి ఐఆర్‌సీకి రమ్మని కూడా అనను. రహస్యంగా ఉంచుకోవాల్సిన మాటలకు అది సరైన చోటు కాదు, మెసేజ్ సర్వర్ నడిపేవాడికి కనిపిస్తుంది. కానీ కాలేజీ ల్యాబ్, అనువాద బృందం, పదిమందీ చదవాల్సిన చర్చ, వీటికి ఇంతకంటే చవకైనదీ, మన చేతిలో ఉండేదీ నాకు కనబడలేదు.

ఏటా ఫైనలియర్ పిల్లలు ‘చాట్ అప్లికేషన్’ అని ప్రాజెక్టు తెస్తారు. చాలావరకు కొన్నదే, పేర్లు మార్చి రికార్డు బైండింగ్ చేయిస్తారు. వైవా అయ్యాక దాన్ని తెరిచేవాడుండడు. దాని బదులు నలుగురున్న ఒక బ్యాచ్‌కి ఒకే పని ఇవ్వండి. గొగుమా లాంటి స్వేచ్ఛా ఐఆర్‌సీ ఫోన్ యాప్ ఒకటి తీసుకుని, పొడవాటి తెలుగు మెసేజ్ పంపి ఎక్కడ తెగుతుందో చూడమనండి. తెగితే సరిచేసి అసలు ప్రాజెక్టుకే పంపమనండి. ముసాయిదా నియమాల్లో తెలుగు, హిందీ, తమిళం ఉదాహరణలతో పరీక్షలు రాయించండి. అవతలివాళ్లు తప్పులు పట్టి వెనక్కి పంపుతారు, మళ్లీ రాయాలి. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకంటే ఏం కావాలి?

మీ చదువుల పేజీలో ప్రాజెక్టు వర్క్ గురించి రాసేటప్పుడు ఈ సంగతి కూడా రెండు ముక్కలు రాయమని మనవి. చుట్టుపక్కల కాలేజీల పిల్లలెవరైనా పరీక్షించుకుంటామంటే సాయంత్రం అయిదు తర్వాత మా సర్వర్ ఖాళీయే. ప్రిన్సిపాల్ గారి సంతకం సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ల్యాబ్ ప్రోగ్రామర్,
కాకినాడ