ఇంతకీ నేను ఏ రాష్ట్రం మనిషిని?

మేనేజర్ గారికి,

విషయం: నా వీడియో రెజ్యూమే (ఎవరైనా చదివితే)

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఉద్యోగం కోసం మీ యాప్‌లో పెట్టిన నా 90 సెకన్ల వీడియోలో కాసేపయ్యాక మాట వినబడదు, పెదాలు మాత్రం కదులుతుంటాయి. యాప్ అన్నాక పాడవుతుంది. దానికి నాకు కోపం లేదు.

కోపమంతా ఆ తర్వాత జరిగినదానికి. ఫోన్ చేసి తెలుగు కోసం నొక్కాను. ఎత్తినాయన నా అడ్రస్ చూసి "మీది ఒడిశా కదండీ, ఒడియా టీమ్‌కి కలుపుతాను" అన్నారు. నా తెలుగు ఆయనకి అర్థమవుతూనే ఉంది! పావుగంట పాట విన్నాక ఒడియా అమ్మాయి ఎత్తింది. నేను ఇక్కడే చదువుకున్నదాన్ని, ఒడియాలోనే మొత్తం చెప్పాను. అంతా విని "వీడియో తెలుగులో ఉంది, తెలుగు టీమే చూడాలి" అంది. మళ్ళీ పాట. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మా ఊరు ఇటు, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు పడ్డాయి. ఆ పంపకాలు మీ కస్టమర్ కేర్‌లో ఇంకా తేలినట్టు లేవు.

నాలుగోసారి ఇంకొకాయన "కొత్త వీడియో పెట్టండి మేడమ్" అన్నారు. డాబా మీద అమ్మ బరంపురం పట్టుచీర వెనక కట్టి, పక్కింటి మేకలు అరవని వేళ చూసుకుని తీశాను. పెట్టబోతే మళ్ళీ డబ్బు కట్టమంది. అడిగితే "కొత్తది పెట్టమని ఎవరు చెప్పారు, పేరేంటి?" అని నన్నే నిలదీశారు. మీ హాజరు పట్టీ నా దగ్గరుందా? ఆ సాయంత్రమే మెసేజ్: 'మీ సమస్య పరిష్కారమైంది, ఎన్ని స్టార్లు ఇస్తారు?'

రెండేళ్లుగా డబ్బు కడుతున్నాను. గుణుపురంలో మా పిన్ని కొడుకుని, ఇద్దరు స్నేహితురాళ్లని నేనే చేర్పించాను. వాళ్లకి ఇప్పుడేం చెప్పను? మనిషి మాట తీరు తెలియాలనే కదా వీడియో అన్నారు. విశాఖలో ఒక ఆఫీసు ఆ మూగ వీడియోనే చూసింది. కాగితం రెజ్యూమే అయితే బస్సెక్కి వెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని.

డబ్బు వెనక్కిస్తారో, మాట తెప్పిస్తారో మీ ఇష్టం. ముందు ఒక్క మనిషి ఫోన్ చేసి, వేరే టీమ్‌కి కలపకుండా చివరిదాకా వినాలి. వారంలో రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మా జిల్లాలోనే వెయ్యొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఇదే ఉత్తరం ఒడియాలో కూడా రాసి జత చేశాను. మీ టీమ్‌లు రెండూ తగువుపడకుండా.

ఇట్లు,
మీ పాత కస్టమర్