కుళాయి నీళ్లకు పన్ను, తాగే నీళ్లకు టిన్ను

సంపాదకుడికి,

అయ్యా,

ప్రభుత్వ సేవలను ప్రైవేటుకు అప్పగిస్తే తప్ప మనం కట్టే పన్నుకు ఫలితం దక్కదంటూ, అందుకు రుజువుగా పల్లెల్లోని మినరల్ వాటర్ ప్లాంట్లను చూపిస్తూ పక్షం రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆలస్యంగా రాస్తున్నా ఫర్వాలేదు. గోదావరి డెల్టాలో ఈ గొడవ ఏటా వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేసే వేళకు మళ్లీ కొత్తదవుతూనే ఉంటుంది.

ప్రైవేటు వాళ్ల గొప్ప ముందే ఒప్పేసుకుందాం. ఫోను చేస్తే ఆటోలో నీళ్ల టిన్ను గుమ్మంలోకి వస్తుంది, పండగ రోజైనా సరే. పంచాయతీ కుళాయి ఎప్పుడొస్తుందో, ఎంతసేపొస్తుందో వార్డు మెంబరుకే తెలియదు. అంతవరకూ వ్యాసకర్తదే పైచేయి. మిగతాది కాస్త లెక్కలు వేసి చూడాలి.

ఇరవై లీటర్ల టిన్ను ఊరిని బట్టి, దూరాన్ని బట్టి పది నుంచి ఇరవై రూపాయలు. పదిహేను అనుకుందాం. ఇంటికి రోజుకొకటి అయితే ఏడాదికి 5,475 రూపాయలు. అయిదు వేల జనాభా, పన్నెండు వందల యాభై ఇళ్లు ఉన్న ఊళ్లో సగం ఇళ్లే కొన్నా ఏడాదికి 34 లక్షలు దాటుతుంది. వెయ్యి లీటర్ల నీళ్లు 750 రూపాయలన్నమాట. ఇంటి పన్ను యాభై రూపాయలు పెంచితే ధర్నాకు కూర్చునే ఊరు ఈ డబ్బు మాత్రం నోరెత్తకుండా కట్టేస్తోంది!

పోనీ, ఆ డబ్బుకు వచ్చేదేమిటి? ఆర్వో యంత్రం ముఖ్యంగా ఉప్పు తీయడానికి. ఇక్కడి ప్లాంట్లలో చాలావాటికి బోరు నీళ్లే ఆధారం. సముద్రం దగ్గరి శివారు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పు నీళ్లే పడతాయి, రొయ్యల చెరువులు వచ్చాక ఆ ఉప్పు ఇంకాస్త లోపలికి పాకింది. లీటరు మంచి నీళ్లు తీయడానికి ఇంకో లీటరో, అంతకన్నా ఎక్కువో చేదు నీళ్లు మురుగు కాలువలోకి వదలాలి. అదే ఊరి పక్కన ఉప్పదనం లేని గోదావరి నీళ్లు కాలువలో పారుతుంటాయి. వాటికి కావలసింది బురద దిగడం, క్రిములు చావడం, అంతే. ఆ రెండు పనులకూ మన పన్నులతో చెరువులు తవ్వి, ఫిల్టర్ బెడ్లు కట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకులు నిలబెట్టి చాలాకాలమైంది.

ప్లాంటు వాడు టీడీఎస్ మీటరు ముంచి ‘నలభై’ అని చూపిస్తే జనం మురిసిపోతున్నారు. ఆ మీటరుకు కరిగిన లవణాలే తెలుస్తాయి, క్రిములు కనబడవు. ప్లాంటులో నీళ్లు శుభ్రంగానే బయటికొచ్చినా టిన్ను సరిగ్గా కడగకపోతే, ఎండలో ఉండి లోపల నాచు పట్టి ఉంటే అంతా వృథా. ఆ నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉండదు కాబట్టి తర్వాత చేరిన క్రిమికి అడ్డే లేదు. ఆ టిన్నులను పరీక్షించే నాథుడెవరు? అదీ ప్రభుత్వం పనే, అదీ జరగడం లేదు.

ఇక మన ఫిల్టర్ బెడ్ల సంగతి. ఇది స్లో శాండ్ ఫిల్టర్. కింద గులకరాళ్లు, పైన మీటరు దాకా సన్న ఇసుక. నీళ్లు గంటకు పది సెంటీమీటర్ల చొప్పున మెల్లగా దిగాలి. అలా దిగుతుంటే ఇసుక మీద సన్నటి జీవపొర ఒకటి కడుతుంది, క్రిములను పట్టేది ముఖ్యంగా అదే. మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన అయిదు వేల మందికి 2,75,000 లీటర్లు కావాలి. దానికి రాత్రింబవళ్లు నడిచే 115 చదరపు మీటర్ల బెడ్ చాలు, పక్కన శుభ్రం చేసే రోజులకు ఇంకొకటి. కానీ ఆపరేటరు పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలే నడిపి అన్ని నీళ్లూ లాగితే వేగం నాలుగు రెట్లవుతుంది. మధ్యలో బెడ్ ఎండితే జీవపొర చస్తుంది. అప్పుడు అది ఇసుక తొట్టె తప్ప ఫిల్టర్ కాదు.

బెడ్ మూసుకుపోయి నీళ్లు దిగకపోతే ఏం చేయాలో ఇంజినీర్లకు తెలియంది కాదు. నీటిమట్టం ఇసుక కిందికి దించి, పైన రెండు సెంటీమీటర్ల ఇసుక మాత్రం చదును పారలతో గీకి తీయాలి. తర్వాత కింది నుంచి శుద్ధమైన నీళ్లు మెల్లగా ఎక్కించి గాలి బయటికి పంపాలి. కొత్త పొర కట్టేదాకా, తక్కువలో తక్కువ ఒకటి రెండు రోజులు, వచ్చిన నీళ్లు పారబోయాలి. నలుగురు కూలీలకు ఒక పూట పని. జరిగేదేమిటంటే, దంతెతో పైపైన గెలికేసి అరగంటలో మళ్లీ పంపు వేస్తారు. గీకగా గీకగా ఇసుక అరమీటరుకు దిగితే కొత్తది నింపాలి. నింపితే ఇళ్లు కట్టే దొడ్డు ఇసుక పోస్తారు, అందులోంచి బురద నేరుగా దిగిపోతుంది. నదిలో ఇసుక తవ్వే ఏ ర్యాంపులో ఎవరి వాటా ఎంతో నోటి లెక్కలో చెప్పగల జిల్లాల్లో ఫిల్టర్‌కు తగిన నాలుగు లారీల సన్న ఇసుక దొరకదట!

బ్లీచింగ్ కథ మరీ అన్యాయం. ఆ ఊరికి లీటరుకు రెండు మిల్లీగ్రాముల మోతాదున రోజుకు కావలసింది 550 గ్రాముల క్లోరిన్. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది గనక కిలోముప్పావు చాలు. మూతి కట్టకుండా తేమలో వదిలేసిన బస్తాలో అందులో సగమైనా ఉంటుందో లేదో. పౌడర్ బకెట్లో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట నీళ్లు ఫిల్టరైన నీళ్లలో పోయాలి, అరగంట ఆగాక వదలాలి. మనవాళ్లు కుళాయిలు వదిలే ముందు ట్యాంకెక్కి గుప్పెడు పొడి చల్లుతారు. మొదటి వీధికి ఘాటు, చివరి వీధికి సున్నా. చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే రంగు మారి తెలిసిపోతుంది. ఆ కిట్ పంచాయతీ బీరువాలో భద్రంగా ఉంటుంది.

ట్యాంకుకు రంగులు మాత్రం ఎన్నికల తర్వాత క్రమం తప్పకుండా మారతాయి. పైన రంగు, లోపల పాచి. ఊరి మొగలో ఆర్చికి డబ్బులుంటాయి, వాల్వు చాంబరుకు మూత వేయడానికి ఉండవు. కొత్తది కడితే టెండరు, శంకుస్థాపన, శిలాఫలకం. ఇసుక గీకితే ఎవరి పేరూ చెక్కరు కదా! జనం కూడా తక్కువ తినలేదు. కుళాయికి మోటారు బిగించి లాగేస్తే, పైపుకు ఎక్కడ చిల్లి ఉంటే అక్కడి మురుగు లోపలికి వస్తుంది.

కాలువ నీళ్లు నిల్వ చేసుకునే చెరువు విషయానికొస్తే, కాలువ కట్టేసిన తర్వాత అరవై రోజులు గడవాలంటే పై లెక్కన 16,500 ఘనపు మీటర్ల నీళ్లు ఉండాలి. నాలుగెకరాల చెరువు, మూడు మీటర్ల లోతు అనుకోండి. అడుగున మీటరు పూడిక, దానిపై పంపుకు అందని అరమీటరు తీసేయండి. ఎండకు రోజుకు ఆరు మిల్లీమీటర్ల చొప్పున ఆవిరయ్యేది 36 సెంటీమీటర్లు. మిగిలేది 18,400 ఘనపు మీటర్లు. బొటాబొటీగా సరిపోతుంది. కానీ తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడి చెరువు అరవై సెంటీమీటర్లు తక్కువ నిండితే 8,700కు పడిపోతుంది. నెలరోజులకే చెరువు ఖాళీ. ఆ తర్వాత ట్యాంకర్లు, ట్యాంకర్ల బిల్లులు. ఆ బిల్లులూ మన పన్నులే.

అన్నీ ప్రైవేటుకిస్తే బాగుపడతాయనే వారు కాస్త చరిత్ర కూడా చూడాలి. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసింది ప్రభుత్వ సొమ్ముతోనే. కర్నూలు-కడప కాలువను మాత్రం లండన్‌లో షేర్లు అమ్మిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టింది. పెట్టుబడికి అయిదు శాతం వడ్డీ ప్రభుత్వమే హామీ ఇచ్చింది. కంపెనీ గిట్టుబాటు కాక చతికిలపడితే 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనుక్కుంది. కాటన్ దొర స్వయంగా వెనకేసుకొచ్చిన కంపెనీ అది. లాభం వస్తే వాటాదారుకు, నష్టం వస్తే ఖజానాకు అనే ఏర్పాటు మనకు కొత్త కాదు.

అందుకని అడిగేదొక్కటే. ప్రతి పంచాయతీ గోడ మీద, ఆ రంగుల పక్కనే, బెడ్ చివరిసారి గీకిన తేదీ, నిన్న వాడిన బ్లీచింగ్ కిలోలు, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంతో రాయించండి. ఊళ్లోని ప్లాంట్ల నీటి పరీక్షల ఫలితాలు కూడా అక్కడే అంటించండి. మార్చి నెలాఖరుకి చెరువు మట్టం ఎంతుందో కొలిచి, సంబంధిత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకంతో అదే గోడ మీద పెట్టండి. తక్కువ ఉంటే కాలువ కట్టేసేలోగా నింపుకోవడానికి కనీసం రెండు వారాలైనా చేతిలో ఉంటాయి.

ఇట్లు,
ఒక శివారు గ్రామం పాఠకుడు,
కోనసీమ