అమ్మలుకి, మొదటి సంచికకు ముందు

అమ్మలూ,

ఫోన్ చేస్తే "బావున్నానమ్మా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తున్నావు. మళ్లీ అన్నది ఇంకా రాలేదు. పనిలో ఉంటావని తెలుసులే. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మమ్మ మోకాలు కాస్త నయం. మొన్న నాన్న అలమార సర్దుతుంటే చిన్నబాబాయి పత్రికల కట్ట బయటపడింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

నువ్వు కాలేజీలో పత్రిక పెడుతున్నావని పిన్ని చెప్పింది. నీ నోటివెంట వింటే ఇంకా సంతోషించేదాన్ని. పిన్ని ఇంకా ఏవో చెప్పింది, వాటి గురించి అడగడానికి కాదు ఈ ఉత్తరం. పత్రిక పనిలో నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తాను, పనికొచ్చినవి ఉంచుకో.

అన్నిటికంటే ముందు ఎన్ని పేజీలో తేల్చుకో. ఏ4 సైజులో నాలుగు చాలు. ఒక ఏ3 కాగితం రెండు వైపులా అచ్చువేసి మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు, పిన్ను కూడా అక్కర్లేదు. ఎనిమిది కావాలంటే రెండు కాగితాలు, మడత మీద రెండు పిన్నులు. మడిచే పత్రిక ఎప్పుడూ నాలుగేసి పేజీల చొప్పునే పెరుగుతుంది. ఆరు పేజీల మేటర్ ఉందంటే రెండు పేజీలు కొయ్యాలి, లేదా ఇంకో రెండింటికి వెతుక్కోవాలి. మొదటి సంచికకి అందరూ ఉత్సాహంగా కథలూ కవితలూ ఇస్తారు. అన్నీ వేసేసి 24 పేజీలు తెస్తారు. రెండోదానికి చేతిలో ఏమీ ఉండదు. కాలేజీ పత్రికలు ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి. నెలకి నాలుగు పేజీలు, చెప్పిన రోజుకి తెచ్చావంటే జనం దాని కోసం చూడటం మొదలుపెడతారు.

నాలుగు పేజీల్లో ఎంత పడుతుందో కూడా చూసుకో. అక్షరం 11 పాయింట్లు, లైనుకీ లైనుకీ 15 పెట్టు. ఇంగ్లీషుకి 13 సరిపోతుంది గానీ మనకి పై లైను వత్తులు కింది లైను గుడుల్ని తాకుతాయి. శీర్షికలూ ఒక ఫొటో పోగా పేజీకి 300 మాటలు వేసుకో. మొదటి పేజీలో ఒకే ఒక్క కథనం, 250 మాటల్లో అక్కడే అయిపోవాలి. "మిగతా 3వ పేజీలో" అని నాలుగు పేజీల పత్రికలో పెట్టొద్దు, తిప్పి చదివేవాళ్లు తక్కువ. రెండో పేజీలో వంద మాటల లోపు వార్తలు మూడు. మూడోది ఇంటర్వ్యూకో, ఒక విషయాన్ని వివరంగా చెప్పే కథనానికో ఉంచు. చివరి పేజీలో ఉత్తరాలు, సవరణలు, వచ్చే నెల తేదీల పట్టిక. ఆ పట్టికని తేలిగ్గా తీసుకోకు. ఫీజు గడువు, పరీక్ష దరఖాస్తు చివరి తేదీ, లైబ్రరీ వేళలు ఒకే చోట ఉంటే ఆ ఒక్క పేజీ కోసమైనా పత్రికని దాచుకుంటారు. తప్పు తేదీ వేస్తే మాత్రం రెండోసారి నమ్మరు, కాబట్టి నోటీసు బోర్డు ఫొటో చేతిలో లేకుండా ఏ తేదీ వెయ్యొద్దు.

పిన్ని చెప్పినదాని జోలికి వెళ్లనన్నాను గానీ ఒక్కటి అడుగుతాను. రాత్రుళ్లు కంప్యూటర్ ల్యాబులో నువ్వొక్కదానివే కూర్చుంటున్నావా? మిగతావాళ్లలో ఇద్దరు తప్పుకున్నారట. నిజమో కాదో నాకు తెలీదు. పత్రికల్లో మనుషులు ఎందుకు తప్పుకుంటారో మాత్రం తెలుసు. వాళ్లు రాసిచ్చినదాన్ని ఎడిటర్ రాత్రికి రాత్రి మార్చేసి, చూపించకుండా, వాళ్ల పేరు మీదే అచ్చు వేస్తుంది. పొద్దున్న చదువుకుంటే తమది కాని వాక్యం కనిపిస్తుంది. ఇంకోసారి రాయబుద్ధి పుట్టదు. చోటు చాలక పది లైన్లు కోస్తే కోశామని చెప్పాలి. అర్థం మారేలా ఒక్క మాట మార్చినా అచ్చుకి ముందు చూపించాలి. ఇది కచ్చితంగా పాటించు. పాత ఇద్దరూ వెనక్కి రావచ్చు కూడా.

పనులు పంచుకోండి. ఏది వెయ్యాలో తేల్చేది ఒకరు, దిద్దేది ఒకరు, పేజీలు పెట్టేది ఒకరు, అచ్చు, పంపిణీ, డబ్బు లెక్క చూసేది ఒకరు. ఒక్కోదానికి ఇంకొకరు ఆ పని నేర్చుకుంటూ పక్కన ఉండాలి, లేకపోతే పరీక్షలప్పుడు అంతా కూలబడుతుంది. రాసినవాళ్లు తమ రచన తామే దిద్దకూడదు. రాసేటప్పుడు మనసులో ఉన్నదే కళ్లకి కనిపిస్తుంది, కాగితం మీద పోయిన మాట కనిపించదు.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టు. సోమవారం పంచాలంటే శుక్రవారం పొద్దున్న ప్రెస్సుకి ఇవ్వాలి. గురువారం ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తప్పులు వెతికే కాపీ. మంగళ, బుధవారాలు పేజీలు. అంతకుముందు ఆదివారం రాత్రితో మేటర్ బంద్, సోమవారం దిద్దుబాటు. దానికి రెండు వారాల ముందు అరగంట మీటింగ్. లేచేసరికి ప్రతి అంశానికీ నాలుగు విషయాలు రాసుకుని ఉండాలి: ఎవరు రాస్తారు, ఎన్ని మాటలు, ఫొటో ఎవరిది, ఎప్పటికిస్తారు. ఎవరో ఒకరు ఇవ్వరు, అది ప్రతి నెలా జరుగుతుంది. అందుకని ఎప్పుడు వేసినా పాతబడని రచనలు రెండు చేతిలో ఉంచుకో. ఆలస్యమైనది వచ్చే నెలకి వెళుతుంది. దాని కోసం పేజీ ఆపితే, ఆ రాత్రంతా మేలుకోవాల్సింది నువ్వే.

ఇప్పుడు బాబాయి సంగతి. చివరి ఏడాదిలో ఆయన పత్రిక తెచ్చాడు, ఎనిమిది పేజీలు. మొదటిది బాగా వచ్చింది. రెండో సంచికలో వక్తృత్వ పోటీల ఫలితాలు వెయ్యాలి, గెలిచిన ఇద్దరమ్మాయిల ఫొటోలూ ఉన్నాయి. ఫొటోల వెనక పేర్లు రాయలేదు. రాయించుకోవాల్సిన అబ్బాయి ఊరికి వెళ్లాడు, బాబాయి ఇంకొకరికి చెప్పలేదు. అంతా తనే చేసుకోగలననుకునే మనిషి కదా. ప్రెస్సులో అర్ధరాత్రి దాటాక, జ్ఞాపకం మీద పేర్లు రాసిచ్చాడు. పక్కన చదివి చూసేవాళ్లు ఒక్కరు లేరు. 300 కాపీలు అచ్చయ్యాయి. మొదటి బహుమతి అమ్మాయి ఫొటో కింద రెండో బహుమతి అమ్మాయి పేరు, దీని కింద దానిది. పొద్దున్నే ఎవరో చూసి చెప్పారు. అప్పుడు ఏం చేశాడంటే, ఆ అమ్మాయిల దగ్గరికి వెళ్లకుండా మళ్లీ ప్రెస్సుకి పరిగెత్తాడు. సరైన పేర్లతో చీటీలు కొట్టించి, ఇంటికి తెచ్చి, గమ్ముతో ఒక్కో కాపీ మీద అంటించడం మొదలుపెట్టాడు. నాన్న, మామయ్య కూడా కూర్చున్నారు. తడి ఆరకముందే ఒకదానిమీద ఒకటి పేర్చడంతో పేజీలు అంటుకుపోయి సగం చిరిగాయి. మిగతావి పంచితే, అందుకున్న ప్రతివాళ్లూ ముందు చీటీ గోటితో లేపి కింద ఏముందో చూశారు. కాలేజీలో ఎవరూ గమనించకుండా పోవాల్సిన తప్పు అందరి నోటా పడింది. ఆ రాత్రి తాతయ్య ఏమన్నారో నాన్నని అడుగు, నేను రాయను. మూడో సంచిక రాలేదు. అలమారలో దొరికిన కట్ట అదే, కొన్నిటికి చీటీలు ఇంకా ఉన్నాయి.

కాబట్టి ఫొటో చేతికి రాగానే ఫైలు పేరు మార్చెయ్యి: ఏ కార్యక్రమం, ఏ తేదీ, ఎడమ నుంచి వరసగా ఎవరెవరు. కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలెయ్యొద్దు. పేరు ఎలా రాసుకుంటారో ఆ మనిషినే అడగాలి, ఇంటి పేరు ముందో వెనకో కూడా. తప్పు పడితే ముందు వాళ్లని కలిసి చెప్పు. వచ్చే సంచికలో సవరణలకని పెట్టిన చోటే, ఏది తప్పుగా వచ్చింది, ఏది సరైనది రెండు వాక్యాల్లో వెయ్యి. అంటించడాలు వద్దు.

ఫొటోలు మెసేజ్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమను. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే పేజీలో 10 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మకి దాదాపు 1180 పిక్సెళ్లు. తెర మీద బాగుంది కదా అని వేస్తే కాగితం మీద మసగ్గా వస్తుంది. జెరాక్స్ మీద తీసేట్టయితే ముఖాలు కాస్త తేటపరచు, నీడలన్నీ నల్లగా ముద్దకట్టేస్తాయి. మేటర్ అందరూ యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల్లోనే ఇవ్వాలి. ఒకరు పాత ఫాంటులో కొట్టి ఇస్తే నీ దగ్గర అర్థంకాని గీతలు వస్తాయి, మార్చుకునేసరికి వత్తులు గల్లంతవుతాయి. పీడీఎఫ్ ఫైల్లోనే ఫాంట్లు కూడా చేరేలా పొదిగి (ఎంబెడ్ చేసి), నీది కాని ఇంకో కంప్యూటర్లో తెరిచి చూశాకే ప్రెస్సుకి ఇవ్వు.

ఎనిమిది పేజీలకి వెళితే పేజీల వరస దగ్గర తికమక పడతావు. రెండు తెల్ల కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిచి, పుస్తకంలా తిప్పుతూ 1 నుంచి 8 దాకా అంకెలు వెయ్యి. విప్పి చూడు. పై కాగితం ఒకవైపు 8, 1, రెండోవైపు 2, 7. లోపలి కాగితం ఒకవైపు 6, 3, రెండోవైపు 4, 5. పక్కపక్కన ఉన్నవి కూడితే ప్రతిసారీ 9 రావాలి. నాలుగు పేజీలకైతే 5. ప్రింటరు సెట్టింగులో కాగితం పొట్టి అంచు మీద తిరగాలి. పొడుగు అంచు పెడితే వెనకవైపంతా తలకిందులుగా వస్తుంది. ఒక్క కాపీ తీయించి, మడిచి, చదివి, అప్పుడే మిగతావి తియ్యమను.

హాస్టల్ నీళ్ల గురించి రాస్తున్నావని కూడా విన్నాను. రాయి, తప్పకుండా రాయి. అయితే ట్యాంకు ఎప్పుడు కడిగారో రిజిస్టర్ ఉంటే చూడు, ఫొటో తీసుకో. వార్డెన్‌ని స్వయంగా అడుగు, ఏ తేదీన ఏ వేళకి అడిగావో నోట్‌బుక్‌లో రాసుకో, ఆవిడ చెప్పింది అదే కథనంలో వెయ్యి. జవాబివ్వకపోతే ఇవ్వలేదని వెయ్యి. "అందరూ అంటున్నారు" అన్న మాట రాయొద్దు, ఎవరన్నారో పేరుతో రాయి. పేరు వద్దన్నవాళ్లు ఎవరో నీకు తెలిసి ఉండాలి, ఎందుకు వద్దంటున్నారో కూడా. అడిగి రాస్తే ఎవరూ తేలిగ్గా ఆపలేరు.

దీనికి ముందు ఇంకో పని. సలహాదారుగా ఉండే లెక్చరర్‌తో ఒక పేజీ కాగితం రాసుకోండి: అచ్చుకి ముందు ఎవరు చదువుతారు, ఎన్ని రోజుల్లో, ఏ కారణాలకి ఆపొచ్చు, అభిప్రాయం కుదరకపోతే ఎవరు తేలుస్తారు. గొడవ వచ్చాక రాసుకోవడం కుదరదు. డబ్బు లెక్క ఇద్దరి సంతకంతో ఉండాలి. ప్రకటన వేస్తే దాని మీద "ప్రకటన" అని ఉండాలి, వార్తలా కనబడకూడదు.

పేరు గురించి ఎక్కువ రోజులు కొట్టుకోవద్దు, మారిపోయేదానికి మాత్రం ముడిపెట్టకండి. అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులు 1873లో తమ పత్రికకి కళాశాల రంగు పేరు మీద 'ది మెజెంటా' అని పెట్టారు. 1875లో రంగు మారింది, పేరూ 'ది క్రిమ్సన్' అయింది.

మొదటిసారి 150 కాపీలు చాలు. లైబ్రరీ, క్యాంటీన్, హాస్టల్ గుమ్మం దగ్గర విడివిడిగా లెక్కపెట్టి ఉంచు, వారం తర్వాత ఎక్కడ ఎన్ని మిగిలాయో రాసుకో. రెండోసారి ఎక్కడ ఎన్ని పెట్టాలో అదే చెప్తుంది. మెయిల్లో పంపితే అడ్రసులు ఒకరివొకరికి కనిపించకుండా బీసీసీలో పెట్టు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకి 500 మందికి మించి వెళ్లదు, రెండు రోజులుగా పంచు.

వేళకి తింటున్నావా? ల్యాబులో ఏసీ చల్లదనానికి నీకు మళ్లీ తలనొప్పి వస్తుంది, శాలువా పెట్టుకో. పదిన్నర దాటాక దిద్దినది పొద్దున్న మళ్లీ చదవాల్సిందే, ఆ రెండో చదువు ఎలాగూ తప్పదు కనక ముందే పడుకో. ప్రూఫు తెర మీద కాదు, కాగితం మీద తీసి చూడు. ముందు పేర్లు, తర్వాత తేదీకి వారం సరిపోయిందా, తర్వాత అంకెలు, శీర్షికలు, ఫొటోల కింది వాక్యాలు, చివరికి పేజీ పైన సంచిక సంఖ్య. పోయిన నెల పేజీ మీదే కొత్తది పెడతారు గనక పాత నెల అక్కడే ఉండిపోతుంది. పెద్ద అక్షరాల్లో తప్పు అందరికంటే ఆఖర్న కనిపిస్తుంది, శీర్షికలు పైకి చదువు. గురువారం సాయంత్రం ఒక కాపీ నాకూ పంపు. కథనాల జోలికి రాను, పేర్లూ తేదీలే చూసి రాత్రి తొమ్మిదికల్లా పంపేస్తాను.

అమ్మ

తా.క. మామూలు స్టేప్లర్ ఏ4 మడత మధ్యకి అందదు. పొడుగు చెయ్యి ఉన్నది అటక మీద దొరికింది, నాన్న తుడిచి పార్సిల్ కడుతున్నారు. నీ రెండో కళ్లజోడు కూడా అందులోనే పెట్టాను. అందగానే ఫోన్ చెయ్యి, పిన్నికి కాదు, నాకు.