ఐర్లాండ్ కరువు: తెగులు ఒక్కటే కారణమా?

సంపాదకుడు గారికి,

ఐర్లాండ్ మహా కరువుపై మీరు ప్రచురించిన వ్యాసం బంగాళదుంప తెగులు దగ్గరే ఆగిపోయింది. 1847 నాటి పేదల సహాయ చట్టాన్ని ప్రస్తావించకుండా ఆ చరిత్ర పూర్తికాదు.

ఆ వేసవిలో, అప్పట్లో ఐర్లాండ్‌ను పాలించిన బ్రిటిష్ ప్రభుత్వ గంజి కేంద్రాలు ఒక దశలో రోజుకు 30 లక్షల మంది ఆకలి తీర్చాయి. ఆదుకునే శక్తి ఉందన్నమాట. అయినా కొద్ది నెలలకే వాటిని మూసేసి, భారమంతా స్థానిక పన్నుల మీదకు నెట్టారు. ఎంపీ విలియం గ్రెగరీ చట్టంలో చేర్పించిన నిబంధన ఇంకా దారుణం: పావు ఎకరానికి, అంటే 25 సెంట్లకు మించి భూమి ఉన్న కౌలుదారుకు సాయం అందదు. తిండి కావాలంటే కౌలు వదులుకోవాలి. చాలాచోట్ల భూస్వాములు గుడిసె కూడా ఖాళీ చేయమనేవారు. మళ్లీ వచ్చి చేరకుండా వెంటనే పైకప్పు పీకించేవారు.

ఇందులో వాళ్ల లెక్క వాళ్లకుంది. ఏడాదికి 4 పౌండ్లు, అంతకు తక్కువ విలువ కట్టిన కమతాలపై పేదల సహాయ పన్ను మొత్తం భూస్వామే కట్టాలి. చిన్న కౌలుదార్లను వెళ్లగొడితే ఆ పన్ను తప్పుతుంది, నేల పశువుల మేతకు పనికొస్తుంది. భూమి పోతే మళ్లీ దక్కదని కొందరు సాయం అడక్కుండానే ప్రాణాలు వదిలారు.

కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. గ్రెగరీ మాత్రం తర్వాత సిలోన్ గవర్నరయ్యాడు. ఈ నిబంధనపై మీ పత్రిక మరో వ్యాసం వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు