కొండగుడి మెట్ల దగ్గర మైకులెందుకు?

సంపాదకుడు గారికి,

నిరుడు డిసెంబర్ 8న మరియమాత పండుగకి, ఆమె గుడి ఉన్న మన విశాఖ రాస్‌హిల్ కొండ ఎక్కుతున్న జనానికి మెట్ల కింద కొందరు మైకు పెట్టి మరీ కరపత్రాలు పంచారు. "మరియమ్మకు మొక్కడం విగ్రహారాధన. బైబిల్లో లేని ఏడు పుస్తకాలను ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు 1546లో కలిపేశారు" అని అందులో ఉంది. మా వదినగారిది జ్ఞానాపురం, పుట్టుకతో ఆర్‌సీఎం. ఆ కాగితాన్ని మడిచి, మైనం చేతి మీద కారకుండా కొవ్వొత్తికి చుట్టుకుని ఆవిడ పైకెళ్లిపోయారు.

నేను ప్రొటెస్టెంటుని. దేవునికీ మనుషులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని 1 తిమోతి 2:5లో ఉంది, నాకది చాలు. పునీతులను నేను వేడుకోను. వదినగారేమో, "మధ్యవర్తి ఆయనే, ఎవరు కాదన్నారు? మా కొరకు ప్రార్థించమని మరియమ్మను అడుగుతాం. నీకు జ్వరమొస్తే నన్ను ప్రార్థన చేయమనవా?" అంటారు. బతికున్నవాళ్లను అడగడం వేరు, పరలోకంలో ఉన్నవాళ్లను అడగమని లేఖనంలో ఎక్కడుందంటాను నేను. లేఖనం ఒక్కటే చాలని లేఖనంలో ఎక్కడుందని ఆవిడ తిప్పికొడతారు. నోటిమాటగా అందిన బోధను కూడా పట్టుకోమన్న 2 థెస్సలొనీక 2:15 తీసి చూపిస్తారు. అసలు తగాదా అక్కడుంది, మొక్కు దగ్గర కాదు.

ఇక ఆ ఏడు పుస్తకాలు. 397లో కార్తేజ్‌లో జరిగిన బిషప్పుల సభ ఇచ్చిన జాబితాలోనే అవి ఉన్నాయి. 1546లో కాథలిక్కుల ట్రెంట్ సభ చేసింది ఆ జాబితాను ఖాయం చేయడం. అలాగని ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ గురించి "లూథర్ చింపేశాడు" అంటూ అటువైపు కుర్రాళ్లు వాట్సాప్‌లో తిప్పేదీ నిజం కాదు. లేఖనంతో సమానం కాకపోయినా చదవదగ్గవేనంటూ 1534 నాటి తన బైబిల్లో ఆయన వాటిని విడిగా అచ్చువేయించాడు. లండన్‌లోని బైబిల్ సొసైటీ వాటి అచ్చుకు డబ్బివ్వడం మానుకున్నది 1826లో. 1805లో లండన్ మిషన్ వాళ్లు దిగి తెలుగు బైబిలు పని మొదలుపెట్టిన ఊరు మనది, ఇక్కడ పంచే కాగితంలోనైనా ఈ లెక్కలు సరిగ్గా ఉండొద్దా?

మైకులకు అనుమతిచ్చే అధికారులు ఆ ఒక్కరోజు మెట్ల దగ్గర ఎవరికీ ఇవ్వకపోతే చాలు. వాదించుకోవాలంటే ఏదైనా హాల్లో 66 పుస్తకాల బైబిలు, 73 పుస్తకాల బైబిలు రెండూ బల్ల మీద పెట్టుకుని కూర్చుందాం. నేను మావాళ్ల తరఫునే మాట్లాడతాను. అటువైపు నుంచి వదినగారు వస్తానన్నారు.

- ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం